కార్డులో రెండు కిలోలు

అన్నం వడ్డించుకుని, పక్కన ఏం వేసుకోవాలా అని వెతుక్కుంటున్నాను. ఆరో నెల కడుపుతో ఉండగా మొదలైంది ఈ వెతుకులాట. ఇప్పుడు ఎనిమిదో నెల.

మా ఆయన ఏడాది క్రితం వీగన్ అయ్యాడు. పాలు దూడవి, గుడ్డు కోడిది, మనవి కావు అంటాడు. తప్పని నేననను, నాకూ ఆ మూగజీవాల మీద జాలే. కాకపోతే ఆయన మానేసినవన్నీ నేనూ మానేయాల్సి వచ్చింది. ఒకసారి పనిచేసే చోట కప్పు పెరుగు తిని వచ్చి, ఉండబట్టలేక చెప్పేశాను. కోప్పడలేదు. "నీ ఇష్టం, నేనెవర్నీ బలవంతం చేయను" అని రెండ్రోజులు మాట్లాడటం మానేశాడు. పాలకు బదులు ఏమేం తినాలో చీటీ రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. ఆరో నెలలో నన్ను చూసుకోవడానికి వచ్చిన మా అత్తగారు కళ్లజోడు పెట్టుకుని ఆ చీటీలో ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోయింది. నువ్వులు వేడి, వేరుశనగ పైత్యం, పప్పు వాతం, ఆకుకూర అరగదు. "ముగ్గుర్ని కన్నదాన్ని, నాకు తెలీదా అమ్మాయ్?" అంది. ఆవిడ తినమనేవి పాలు, పెరుగు, నెయ్యి. అవి ఈ ఇంటి గడప తొక్కవు. ఇద్దరిదీ ప్రేమే, కాదనను. ఆ ప్రేమలో నా కంచానికి మిగిలింది అన్నం, కాసింత సొరకాయ.

నేను పనిచేసేది కాన్పుల క్లినిక్‌లో. వచ్చిన వాళ్లని తూకం ఎక్కించి, వాళ్ల కార్డులో బరువు రాస్తాను. పెరగని వాళ్లని కసురుకునేదీ నేనే. "తింటున్నావా, గాలి భోంచేస్తున్నావా?" అంటాను. నా కార్డు నేనే రాసుకుంటాను. పోయిన నెల ముల్లు కదల్లేదు, కిలో పెరిగినట్టు రాశాను. ఈ నెలా కదల్లేదు, ఇంకో కిలో రాశాను. ఇంట్లో మరో పంచాయితీకి ఓపిక లేక రాశాను. సిగ్గేసి కూడా రాశాను.

ఇవాళ డాక్టరమ్మ నా పొట్ట టేపుతో కొలిచింది. కార్డు చూసి మళ్లీ కొలిచింది.

"బరువు పెరుగుతోంది, పొట్ట పెరగట్లేదేంటమ్మా? ఆ తూకం సరిగా ఉందో లేదో ఓసారి చూడు."

"చూస్తాను మేడమ్" అన్నాను. బస్సులో పొట్ట మీద చెయ్యేసుకుని బిడ్డ కదలికలు లెక్కపెట్టాను. ఐదు. తర్వాత ఎంతసేపు చూసినా ఆరోది రాలేదు. నిద్రపోతోందేమో అనుకున్నాను. ఆకలికి సోలిపోయిందేమో అని కూడా అనిపించింది. ఇల్లు చేరేదాకా ఆ రెండో మాట నన్ను వదల్లేదు. మెట్లెక్కుతుంటే ఒక్కసారి కదిలింది. అక్కడే నిలబడి ఏడ్చాను.

ఇప్పుడు మా ఆయన నా సంచిలోంచి కార్డు తీసి వాళ్లమ్మ ముందు పెట్టాడు.

"చూశావా అమ్మా? పాలచుక్క లేకుండా రెండు కిలోలు!"

"నీ గింజల వల్ల కాదురా, నేను పెట్టిన పథ్యం వల్ల."

"ఒక్కసారైనా ఒప్పుకోవచ్చు కదా నువ్వు."

"ఏం చూసి ఒప్పుకోను? అమ్మాయ్, నువ్వే చెప్పు, ఎవరి చలవ ఇది?"

ఎదురుగా కూర్చున్న నన్ను వదిలేసి ఇద్దరూ కార్డునే మురిపెంగా చూస్తున్నారు. నాకు ఒళ్లు మండింది. కార్డు లాక్కుని ఆ రెండంకెలూ కొట్టేశాను. పక్కన అసలు బరువు రాసి, క్లినిక్‌లో తప్పు దిద్దినప్పుడు పెట్టినట్టే సంతకం పెట్టాను. డాక్టరమ్మకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"మేడమ్, తూకం సరిగానే ఉంది. ఆ రెండు కిలోలూ నేను రాసినవి."



"రేపు పొద్దున్నే రా, స్కాన్ తీద్దాం. ఏంటమ్మా ఇది, ఇంట్లో తిండి లేదా?"

"బోలెడుంది మేడమ్. ఏది ముట్టుకున్నా వద్దనేవాళ్లు ఇద్దరున్నారు. ఇక వాళ్లనడగను."