రెండు సరేలు

అప్పు ఇచ్చేటప్పుడు "అక్కా, అక్కా" అంటూ చుట్టూ తిరిగినవాళ్లే వసూలుకొచ్చేసరికి "మేడం" అంటారు. లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే మనిషికి అంత మర్యాద ఇంకెవరిస్తారు? ఆ పిలుపు వింటేనే ఆమెకు ఒళ్లు మండేది.

ఆ అప్పు తన సొంత అక్కకు కుట్టుమిషను కొనడానికి ఆమె చేసింది. మిషను వచ్చిన కొన్నాళ్లకే అక్క కళ్లకు పొరలు కమ్మాయి. ఇప్పుడు మిషను మూల కూర్చుంది, కిస్తీ మాత్రం నడుస్తూనే ఉంది. ఒక కన్ను ఎలాగూ పోయింది. రెండోదానికి ఆపరేషన్ రేపే. ఈ సాయంత్రంలోగా సగం డబ్బు కట్టకపోతే వంతు ఇంకొకరికి పోతుంది, ఆ డాక్టరు మళ్లీ వచ్చేది ఆరు నెలలకు. అప్పటిదాకా చూపు నిలుస్తుందని చెప్పలేనన్నాడు మహానుభావుడు.

అందుకే పోయిన వారం ఫైనాన్సు వాళ్లను బతిమాలుకుంది, పోయిన నెల బాకీ తర్వాత కడతాను, ఈ నెలకు ఒక్క కిస్తీయే తీసుకోండని. అలాగేనన్నారు. నిన్న అక్కణ్నుంచే వేరే అమ్మాయి ఫోన్ చేసింది. లాండ్రీలో పనిమీదున్న ఆమె ఒక చేత్తో ఇస్త్రీపెట్టె పట్టుకుని, ఫోను భుజానికి నొక్కిపెట్టుకుంది. ఆవిరి బుసలో సగం మాటలు వినపడలేదు. దుప్పటి మాడేలా ఉంది. "సరే సరే" అని పెట్టేసింది.

ఈరోజు జీతం పడింది. ఆసుపత్రికి బయలుదేరేలోపే ఫైనాన్సు వాళ్ల కోతకు ఖాతా ఊడ్చుకుపోయింది. బ్యాంకుకు పరుగెత్తితే, గుమాస్తా తల కూడా ఎత్తకుండా, "వచ్చే నెల నుంచి ఆపగలం. పోయింది వాళ్లనే అడగాలి" అన్నాడు.

అక్కడే గోడకు ఆనుకుని వాళ్లకు ఫోన్ చేసింది. నిన్నటి అమ్మాయే ఎత్తింది.

"రెండు కిస్తీలు కలిపి తీసుకోమంటారా అని అడిగాను మేడం. సరే సరే అన్నారు. రికార్డులో ఉంది."

"రెండు కిస్తీలకు రెండు సరేలని లెక్కేసుకున్నావా తల్లీ? మా ఇంట్లో సరే సరే అంటే, ఇక ఫోన్ పెట్టెయ్ అని!"

గొంతు తగ్గించి, "మా ఇంట్లోనూ అంతే అక్కా. కానీ మా సారు వినేది రికార్డే" అంది ఆ అమ్మాయి. తిరిగి రావాలంటే అర్జీ పెట్టుకోవాలట, పది పదిహేను రోజులు పడుతుందట. అరవాలనుకుంది ఆమె. ఓపిక లేకపోయింది. అరిచినా ఆ పిల్ల జీతంలోంచి తీసి ఇవ్వదుగా.

లాండ్రీ యజమానిని అడిగింది. అంతకుముందు తీసుకున్నదే తీరలేదన్నాడు. ఆసుపత్రి కౌంటరు మూసే వేళ దాటాక, కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరింది.

అక్క తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, సంచి పక్కన పెట్టుకుని కూర్చుంది. "కట్టొచ్చావుటే?" అని అడిగింది.

ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

అక్కకు అర్థమైంది. "పోనీలేవే, ఇప్పుడేం మునిగిపోయింది? నాకు బాగానే కనిపిస్తోంది" అంటూ గుమ్మం వైపు కళ్లు చికిలించింది. "ఇదిగో, నువ్వు నవ్వుతున్నావు కదూ?"

చెంపల మీద కారుతున్నది తుడుచుకోకుండానే, "అవునక్కా" అంది చెల్లెలు.