కణితి తరఫున వాదన

మా పెదనాన్నగారు గౌరీశంకరం వాదనకి దిగితే కొత్తపేటలో ఎదురు కూర్చునేవాళ్ళు లేరు. వేదంతోపాటు తర్కం కూడా చదువుకున్న మనిషి. నేనా, అమలాపురం కాలేజీలో జీవరసాయనం చెప్పేదాన్ని. నోటికి నేనూ తక్కువదాన్నేం కాదు.

ఆ ఏడాది, తొంభై ఎనిమిదిలో, ఆయన భార్య, మా దొడ్డమ్మ రుక్మిణమ్మకి రొమ్ములో కణితి తేలింది. కాకినాడ డాక్టరు ఆపరేషన్‌కి రోజిచ్చారు. పెదనాన్నగారు ససేమిరా అన్నారు. కత్తి పడితే పాకిపోతుందని భయపడే రకం కాదాయన. ఆదివారం పేపర్లో సైన్సు వ్యాసం చదివి మరీ అడ్డం తిరిగారు. నాకు ఒళ్ళు మండింది. బస్సెక్కి వెళ్ళాను.

"వాదించు శ్రీకళా, వింటాను," అన్నారు అరుగు మీద చాప వేయించి. "పద్ధతి తెలుసుగా? ముందు నా పక్షం నువ్వు చెప్పాలి. నాకు తృప్తయితేనే ఖండించే హక్కు."

శాస్త్రచర్చలో అది మా ఇంటి ఆచారం. ఎదుటివాడి మాట పూర్తిగా చెప్పలేనివాడికి జవాబు చెప్పే అర్హత లేదు. దొడ్డమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"సరేనండి. కణితి పెరగాలంటే కొత్త రక్తనాళాలు కావాలి. వాటిని రప్పించుకునే పదార్థం తనే వదులుతుంది. అది దగ్గర్లోనే పనిచేసి అయిపోతుంది. మరోపక్క, రక్తంలో తిరిగే ఒక ప్రోటీన్‌ని కణితి కణాలు ముక్కలు చేస్తాయి. అందులో ఒక ముక్క రక్తనాళాల్ని పెరగనివ్వదు. అది ఒళ్ళంతా తిరుగుతుంది. ఎగువ రైతు తన చేలోకి బోదె తవ్వుకుని, కాలవలో మట్టితోనే దిగువ చేలకి నీరందకుండా గట్టేసినట్టు. దూరంగా ఎక్కడైనా చిన్న కణితులు విత్తనాల్లా పడుంటే, నీరు లేక అలాగే ఉండిపోతాయి. పెద్దది తీసేస్తే గట్టు తెగుతుంది, అవి లేస్తాయి. ఎలకల్లో అలాగే జరిగింది. కాబట్టి తియ్యకూడదని మీ పక్షం."

పెదనాన్నగారి మొహం వెలిగింది. "నాకంటే బాగా చెప్పేవే. ఇప్పుడు ఖండించు."

"గట్టేసిన రైతు ఊరుకుంటాడాండీ? తన చేను పెంచుకుంటూనే పోతాడు. ఎలకల్లోనే అన్ని కణితులూ ఇలా చెయ్యలేదు. దొడ్డమ్మది చేస్తోందని ఎవరు చూసేరు? పడ్డాయో లేదో తెలీని విత్తనాల కోసం, కళ్ళెదుట పెరిగేదాన్ని ఉంచుకుంటామా? ఆపరేషన్ తరవాత మందులిచ్చేది వాటి కోసమేనండి."

గెలిచానని నాకు తెలుసు. గెలిచి ఊరుకునే రకాన్ని కాను నేను.

"ఆచారం సగంలో ఆపకూడదు కదండీ. ఇప్పుడు మీరు నా పక్షం చెప్పండి."

గొంతు సవరించుకున్నారు. "గడ్డ తియ్యకపోతే అది పెరుగుతుంది. పెరిగి, పెరిగి... మీ దొడ్డమ్మ..."

అక్కడ ఆగిపోయారు. వేదం పన్నాలకి పన్నాలు తడుముకోకుండా చెప్పే మనిషికి ఆ ఒక్క మాట నోట రాలేదు. వ్యాసం వట్టి వంకేనని, ఆ మాట అనవలసొస్తుందనే ఇన్నాళ్ళూ తప్పించుకు తిరిగారని అప్పుడర్థమైంది నాకు. ఆయన మీద జాలేసింది.

దొడ్డమ్మ చేట పక్కన పెట్టింది.

"పోతుంది," అంది. "అనండి, ఫరవాలేదు. నేను రోజూ అనుకుంటూనే ఉన్నానండీ. మీరూ ఒకసారి అనేస్తే కాకినాడ వెళ్దాం. ఒక్కదాన్నే భయపడలేకపోతున్నాను."