రాళ్లకు ఇవతల

మిద్యానీయులతో యుద్ధం నుంచి యిద్దో ఒంటిమీద గీటు లేకుండా తిరిగొచ్చాడు. అయినా ఊళ్లో అడుగుపెట్టడానికి లేదు. శవాన్ని ముట్టినవాడు ఏడు రోజులు ఊరి బయట ఉండాలి. మూడో రోజూ ఏడో రోజూ యాజకుడొచ్చి, ఎర్ర పెయ్యను కాల్చిన బూడిద కలిపిన నీళ్లు చల్లితేగాని శుద్ధి కాడు. యిద్దో ముగ్గురిని చంపాడు. ఇక ముట్టడం మాటెందుకు!

పొలిమేర రాళ్లకు అవతల నిలబడి భార్య హెలా కబురు చెప్పింది.

"నోయాకు జ్వరమయ్యా. నాలుగు రోజులైంది. నాన్నేడి, నాన్నేడి అని ఒకటే కలవరింత."

నోయా వాళ్ల ఒక్కగానొక్క కూతురు, ఆరేళ్లది. యిద్దో రాళ్లు దాటబోయాడు.

"ఆగు! నీకు దణ్ణం పెడతా. దాటితే దేవుడి కోపం నీమీద కాదు, పిల్లమీద పడుతుంది."

అతనికీ అదే భయం. ఏడు రోజులు పద్ధతిగా ఉంటే పిల్ల బతుకుతుందనుకున్నాడు. అక్కడే కూలబడ్డాడు.

కొల్లసొమ్ములో అతని వాటాకు కొసలు కలవని చిన్న కంచు గాజు వచ్చింది. యాజకుడు జెరహ్యా దాన్ని నిప్పుల్లో కాల్చి, నీళ్లు చల్లి, నల్లబడ్డ గాజును హెలాకిచ్చాడు.

"గాజుకు ఒక పూట, మనిషికి ఏడు రోజులా? నన్నూ అందులో తోసెయ్యండి స్వామీ, పొద్దుగూకేసరికి ఇంట్లో ఉంటా" అన్నాడు యిద్దో.

"నిన్ను కాలిస్తే కంపు తప్ప ఏమొస్తుందిరా" అన్నాడు యుద్ధంలో అతని పక్కనే పోరాడి, ఇప్పుడు మిగతావాళ్లతోపాటు బయటే ఉన్న హూపాము. ఎవరూ నవ్వలేదు. హూపాము కూడా నవ్వలేదు.

మూడో రోజు నీళ్లు చల్లించుకున్నాడు. హెలా వచ్చింది.

"గాజు తొడిగాను. వదులైంది, మోచేతి దాకా జారుతోంది. నాన్నొచ్చి నొక్కి బిగిస్తాడులే అంటోంది."

రెండు వేళ్లతో అయిపోయే పని! ఆ మాట తలుచుకుంటూ యిద్దో నాలుగో రోజు గడిపాడు, ఐదో రోజు గడిపాడు. తిండి సయించలేదు. ఆరో రోజు మధ్యాహ్నం ఊళ్లోంచి హెలా ఏడుపు వినిపించింది. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

కాసేపటికి జెరహ్యా తలొంచుకుని వచ్చాడు.

"లోపలికి రా నాయనా. పిల్లను మోసుకెళ్లాలి. రేపు గెలుపు బలి, ఊరంతా శుద్ధిగా ఉంది. ఇంకెవరు ముట్టినా బలికి పనికిరారు. నువ్వయితే..."

"నాకయితే కొత్తగా అంటే మైలేం లేదు. అంతేగా స్వామీ?"

ముసలాయన పక్కకు తప్పుకున్నాడు. బతికున్న పిల్లను చూడనివ్వని రాళ్లు, చచ్చిన పిల్లకోసం దారిచ్చాయి. ఇదేం న్యాయమని ఎవర్ని అడుగుతాం?

యిద్దో కూతుర్ని భుజాన వేసుకుని కొండగుహకు నడిచాడు. వెనకాలే హెలా. శవాన్ని ముట్టింది కాబట్టి ఆమెకూ ఏడు రోజులు బయటే. గుహలో పడుకోబెట్టాక ఆ సన్నని చెయ్యి అందుకుని, గాజు కదలకుండా రెండు వేళ్లతో మెల్లగా నొక్కాడు.

"సరిపోయిందా తల్లీ?" అన్నాడు.

మర్నాడు, ఏడో రోజు, హూపాముతో సహా తక్కినవాళ్లందరూ నీళ్లు చల్లించుకుని, స్నానాలు చేసి ఊళ్లోకి వెళ్లారు. ఈ ఇద్దరికీ లెక్క మళ్లీ మొదలైంది. బలిమాంసం కాలే వాసన రాళ్ల దాకా వచ్చింది.

"దేవుడా! నిన్నెందుకాపానయ్యా ఆ రోజు" అని హెలా నెత్తి బాదుకుంది.

యిద్దో ఆమె చేతులు పట్టుకున్నాడు.

"నేనెందుకాగాను?" అన్నాడు.