కన్నులు దిద్దిన చేయి

విజయనామ సంవత్సరపు శరదృతువు. వర్షధారాపరిక్షాళితమైన గగనమండలము సముద్రమువైపునుండి వీచు లవణగంధమారుతముచే మరింత నిర్మలత్వమునొంది బందరు పట్టణపు పెంకుటిండ్లను రేవుదారినున్న సరుగుడుతోపులను అద్దకపుబట్ట లారవేసిన యిసుకమైదానములను ఏకరీతిగా వెలిగించుచుండెను. ఆ వెలుగు మేడమీదను పాకమీదను సమముగనే పడుచుండెను గాని దానిని పట్టి కాగితముపై నిలుపు విద్యమాత్రము ఆ పట్టణమున భావనారాయణనాయుడను నొక్క ఛాయాగ్రాహకుని సొత్తై యుండెను.

నాయుడుగారిని పెండ్లిండ్లకు పిలుచువారికంటె చావులకు పిలుచువారు మెండు. ఏలయన బ్రదికియున్న పెద్దల పటమును గోడకు వ్రేలాడదీయుట అమంగళమని అచ్చటివారి దృఢవిశ్వాసము. గోడకెక్కిన మొగము కాటికి పోయిన మొగమే యనియు పటమున్నచోట బొట్టును దండయు నుండితీరవలయుననియు వారు తలంచెడివారు. కావున జీవించినంతకాలము స్టూడియో గడప త్రొక్కని గృహయజమాని ప్రాణము విడిచిన మరుక్షణమున నాయుడుగారికి కబురు వచ్చెడిది. వారు నల్లగుడ్డతోడను మూడుకాళ్ల కెమెరాతోడను వేంచేసి శవమును గోడకానించి కూర్చుండబెట్టించి ఛాయను గ్రహించెడివారు. చిత్రమున మొగము వచ్చును వస్త్రము వచ్చును గాని కన్నులు మాత్రము మూతపడియే యుండును గదా. ఆ మూతకన్నులను తెరచు భారము నాంచారిది.

ఈ నాంచారి పెడనలో అద్దకపు అచ్చులకు లతలు గీయువాని కూతురు. తండ్రి చేతిసున్నితము ఆమె వ్రేళ్లయందు రెండింతలై వెలసెను. ఉడుతవెండ్రుకల కుంచెను నల్లసిరాలో ముంచి ఆమె చిత్రముపై రెండు కన్నులు దిద్దెనా, చచ్చినవాడు లేచి కాఫీ యడుగునేమో యని చూచువారికి తోచెడిది. అయితే దిద్దుటకు ముందు ఆ కన్నులెట్టివో యని బంధువుల నడుగవలసియుండెను. పెద్దకొడుకు విశాలమైన కన్నులనును. చిన్నకొడుకు చిన్నవే యనును. అల్లుడు తానెన్నడును మామగారి కన్నులలోనికి చూచినవాడను గానని యొప్పుకొనును. నాంచారి వారి మాటలన్నియు కలిపి ఎవరివియుగాని కన్నులను దిద్ది యిచ్చెడిది. పటము నంటించిన అట్టక్రింద బంగారురంగు అక్షరములలో నాయుడుగారి పేరు వెలుగుచుండెడిది. ఆమె పేరు ఎచ్చటను లేకుండెను. ఆ సంగతి ఎవరికిని తోచలేదు, ఆమెకు తప్ప.

ఆ శరత్కాలముననే నేతివర్తకుడైన చలమయ్యసెట్టి కాలధర్మము నొందెను. నాంచారి దిద్దిన పటమును కొడుకులు చూచి భేషనిరి. సెట్టిగారి భార్య రత్తమ్మ మాత్రము ఆ పటమును ఒడిలో నుంచుకొని చాలసేపు చూచి మెల్లగా నిట్లనియెను:

"చాలా బాగున్నాయమ్మా. కానీ ఇవి ఆయన కళ్లు కావు."

ఆ మాటలో నిందలేదు. నిందయుండిన నాంచారి మరచిపోయియుండును. ఒక యాయుష్కాలము చూచిన కన్నులు ఇంక ఈ లోకమున ఎచ్చటను దొరకవను దుఃఖమొక్కటియే అందుండెను. నాటినుండి కుంచె పట్టినప్పుడెల్ల నాంచారికి ఆ మాటయే తలపునకు వచ్చుచుండెను. తాను దొంగకన్నులను అమ్ముకొని బ్రదుకుచుంటినని ఆమెకు సిగ్గు కలిగెను. మనుష్యులు కన్నులు తెరచియున్నకాలముననే వారిని చూడవలయునని నిశ్చయించుకొనెను. నాయుడుగారు మధ్యాహ్నభోజనానంతరము గుర్రుపెట్టి నిద్రించు వేళలయందు ఆమె ఛాయ పట్టు గాజుపలకలు కడుగుటయు వెలుతురు కొలుచుటయు ఇదివరకే నేర్చియుండెను. తల్లి యిచ్చిన బంగారు కంటెను అమ్మి, స్వదేశమునకు మరలిపోవుచున్న యొక దొరసానియొద్ద పాతకెమెరాను సంపాదించి సెలవు పుచ్చుకొనుటకు యజమానియొద్దకు పోయెను.

నాయుడుగారు దుర్మార్గులు గారు. అందువలననే వారి మాట మరింత గ్రుచ్చుకొనెను.

"నీ చేతికి శవాల కళ్లే అలవాటమ్మాయ్. బతికున్నవాడెవడూ నీ ముందు కూర్చోడు. కుంచె ఎండిపోకముందే తిరిగి రా" యని వారు పలికిరి.

రేవువీధిలో పాడువడిన యొక ఉప్పుకొట్టును నాంచారి అద్దెకు గైకొని ఉత్తరపుగోడను సగము తొలగించి గాజుపలకలు పొదిగించెను. ఎండ లోనికి రాదు, వెలుగుమాత్రము పాలవలె జారివచ్చును. వాకిట తన చేతితోనే వ్రాసికొన్న పలక కట్టెను. "నాంచారమ్మ ఛాయాచిత్రశాల" యనియు దానిక్రింద "బ్రదికియున్నవారికి మాత్రమే" యనియు అందుండెను. ఊరివారు చదివి కడుపుబ్బ నవ్విరి. నవ్వుటకు వచ్చినవారిలో ఒక్కరైనను లోనికి రాలేదు. శవముల కన్నులు దిద్దిన చేయి తమవైపు కెమెరా త్రిప్పిన తమ కన్నులును మూతపడునని వారి భయము. బిడ్డలనెత్తుకొని పోవు తల్లులు ఆ వాకిటికి రాగానే పైటచెరగు కప్పి వడివడిగా నడచెడివారు. ఒక పెండ్లివారు గుమ్మమువరకు వచ్చి కెమెరావెనుకనున్నది ఎవరో తెలిసికొని వచ్చినదారినే మరలిరి. కార్తికమంతయు నాంచారి ఖాళీ కుర్చీపై పడు వెలుగునే చూచుచు గడపెను. కుంచె పెట్టెలోనే యుండెను. దానిని చూచిన ప్రతిసారి నాయుడుగారి మాట చెవిలో మ్రోగుచుండెను.

తుదకొకనాడు ఆమె తలుపునకు తాళమువైచి మంత్రసాని తిరుపాలమ్మ యింటికి నడచెను. ఆ ముదుసలి చేతులమీదుగా పుట్టనివారిని ఆ పట్టణమున వెదకి పట్టుకొనవలసినదే. నాంచారియు ఆమె చేతిలో తొలియేడ్పు ఏడ్చినదే. చావునకు వెరచు ఊరిలో పుట్టుకలతో పరిచయమున్న మనిషి యొక్కతెయైనను తనకు కాదనదని ఆమె యాశ. తన కథనంతయు చెప్పి, మామ్మా, నీకు భయమైనచో రావలదు, నేను మరల నాయుడుగారియొద్దకే పోయెదనని ముగించెను. తిరుపాలమ్మ వక్కాకు నమలుట మాని ఆమెను ఎగాదిగా చూచెను.

"నన్నింతవరకూ కూర్చోబెట్టి చూసినవాళ్లు ఎవరున్నారే? అందరూ బిడ్డని చూసుకుని నన్ను మర్చిపోయేవాళ్లే. పద."

కుర్చీలో కూర్చుండగానే ముదుసలి కొయ్యవలె బిగుసుకొనెను. నాంచారి తొందరపడలేదు. తాను పుట్టిన దినమున ఏమి జరిగెనో చెప్పుమని యడిగెను. గాలివాన కురియుచుండగా మోకాలిలోతు నీటిలో పెడనకు నడచిన వృత్తాంతము చెప్పుచు తిరుపాలమ్మ తన రెండు చేతులను దోసిలిగా ముందుకు చాచి, అదిగో అప్పుడు తల కనబడినదని కన్నులెత్తెను. ఆ కన్నులలో ఆనాటి దీపపు వెలుగు తిరిగి వెలిగెనో యన్నట్లుండెను. నాంచారి అప్పుడే మీట నొక్కెను. చీకటిగదిలో ఆ ముఖము పలకపై తేలివచ్చినప్పుడు ఆమె ఏడ్చెను. కుంచె అవసరములేని మొదటి చిత్రమది.

ఆ చిత్రమును పెద్దదిగా ముద్రించి, చట్రము కట్టి వీధివైపు అద్దాలబీరువాలో నిలుపుమని వడ్రంగి వీరభద్రాచారి కప్పగించి ఆమె కెమెరాపలకలు తెచ్చుటకు బెజవాడకు పోయెను. వీరభద్రాచారి తన జన్మమున, పోయినవారి పటములకు తప్ప చట్రము కట్టి యెరుగడు. చట్రము కట్టుట, అద్దముపై గంధము పూయుట, కుంకుమ దిద్దుట, గంధపుపొట్టు దండ వ్రేలాడదీయుట ఇవియన్నియు అతని కొక్కటే పని. అతడు పరధ్యానముగా ఆ పనినంతయు పూర్తిచేసి పటమును బీరువాలో నిలిపి చేతులు దులుపుకొని చక్కబోయెను.

మరునాటి యుదయమున రేవునుండి చేపలతట్టతో వచ్చుచున్న స్త్రీ యొకతె ఆ పటమును చూచెను. గంధము, కుంకుమ, దండ. తట్ట అచ్చటనే దించి గుండెలు బాదుకొనెను. వార్త ఆమెకంటె ముందు బజారు చేరెను. అంగళ్లు మూతపడెను, జట్కాలు నిలిచెను, జనము ప్రవాహమై తిరుపాలమ్మ యింటివైపు కదలెను. సరిగా అప్పుడే రైలు దిగిన నాంచారి ఈ సంగతి విని కొయ్యబారెను. ముదుసలి నిజముగా పోయెనా యనునది మొదటి భయము. పోకున్నను, తాను పటము తీసినంతనే చావువార్త పుట్టెనను అపవాదు తన తలుపును శాశ్వతముగా మూయునను భయము దానివెంటనే వచ్చెను. ఆమె పరుగెత్తెను.

తిరుపాలమ్మ తన యింటి యరుగుపై కూర్చుండి చద్దియన్నములో ఆవకాయ కలుపుకొనుచుండెను. ఎదుట వీధినిండ జనము. ముందు పూలదండతోడను వ్రాసితెచ్చిన సంతాపోపన్యాసముతోడను ప్లీడరు దక్షిణామూర్తిగారు. 

"ఎవరు పోయార్రా, ఇట్టా కట్టకట్టుకుని వచ్చారు?"

ప్లీడరుగారు కోర్టులో ఎన్నడును తడబడని నాలుకతో తడబడి, "మీరేనండీ" యనిరి.

 పిదప ఎవరు ముందు నవ్విరో తెలియదు. వీధివీధియంతయు నవ్వుచు ఏడ్చెను, ఏడ్చుచు నవ్వెను. తిరుపాలమ్మ చేయి కడుగుకొని ఆ కాగితమును చదువుమని ప్లీడరు నాజ్ఞాపించెను. చచ్చినపిదప చదివినచో తనకు వినబడదనెను. ఆయన చదువుచు నడుమ ఆగి కన్నులొత్తుకొనిరి. ముదుసలి ఆయన భుజము తట్టి ఇట్లనియెను:

"నువ్వు పుట్టినప్పుడు ఏడవకపోతే నేనే తిరగేసి కొట్టి ఏడిపించాను నాయనా. ఇవాళ కొట్టకుండానే ఏడుస్తున్నావు."

అటుపై ఆమె జనములో తలవంచుకొని నిలిచిన నాంచారిని చూచి చేయిపట్టుకొనెను. నా బొమ్మ నేనే చూడలేదు, పదండని బయలుదేరెను. శవయాత్రకై వచ్చిన ఊరంతయు పెండ్లియూరేగింపువలె ఆమెవెంట రేవువీధికి నడచెను. బీరువాయెదుట జనము కిక్కిరిసి పటమును చూచును, పటములోని మనిషిని చూచును, మరల పటమును చూచును. తాము ఈ లోకమున మొట్టమొదట చూచిన ముఖమది. ఇన్నేండ్లును ఎదుటనే తిరుగుచున్న ఆ ముఖమును తాము మరల చూడనేలేదని వారికప్పుడు తెలిసెను. తిరుపాలమ్మ అద్దముపై కుంకుమను చెంగుతో తుడిచివైచి ప్లీడరు తెచ్చిన దండను నాంచారి చేతికిచ్చి, దీన్ని నీ కెమెరాకి వెయ్యవే, పనిచేసేది అది యనెను.

గుంపులోనుండి రత్తమ్మ ముందుకు వచ్చెను. ఆమె పటమును చాలసేపు, నాడు ఒడిలోని పటమును చూచినట్లే చూచెను. 

"ఇవి తిరుపాలమ్మ కళ్లే. నన్ను కూడా కూర్చోబెట్టమ్మా, పిల్లలకి నా కళ్లు తెలియాలి" యని రత్తమ్మ పలికెను.

ఆ దినమున ఉత్తరపు వెలుగు చాలినంతసేపును కుర్చీ ఖాళీగా లేదు. తరువాతి దినమునను లేదు. తాతలు తలపాగాలు చుట్టుకొని వచ్చిరి. అవ్వలు పెట్టె యడుగున దాచిన పట్టుచీరలు కట్టుకొని వచ్చిరి. నిమిషము నిలువని నవ్వును, కూతురికిగూడ చూపని బెంగను, తమకే తెలియని ఠీవిని నాంచారి ఒక్కొక్క కంట ఓపికతో పట్టుకొనెను. గుడివాడనుండియు పామఱ్ఱునుండియు బండ్లు వచ్చెను. ప్రక్కకొట్టును గూడ తీసికొనవలసివచ్చెను. అట్టక్రింద బంగారురంగులో ఆమె పేరు వెలిగెను. దానిని మొదట చూచినదినమున ఆమె వ్రేలితో ఆ యక్షరములను నిమిరి నిమిరి చూచికొనెను, ఎవరైన చూచిరేమో యని సిగ్గుపడెను గాని మరల నిమిరెను.

విజయ గడచి జయనామ సంవత్సరము వచ్చెను. మరల శరత్తు, మరల ఆ కడిగిన వెలుగు. ఒకనాటి యుదయమున చిత్రశాల గడపయొద్ద ఇస్త్రీకోటు తొడుగుకొని భావనారాయణనాయుడుగారు నిలిచియుండిరి. ఆయుష్యమంతయు పరులను కెమెరాముందు కూర్చుండబెట్టినవారికి తమ పటమొక్కటియు లేదు. వారు కుర్చీలో కూర్చుండి చిన్నపిల్లవానివలె మోకాళ్లపై చేతులుంచుకొనిరి. నుదుట చెమట పట్టెను. భయమున కనురెప్పలు పదేపదే వాలుచుండెను.

నాంచారి పెట్టెలోనుండి ఆ పాత ఉడుతవెండ్రుకల కుంచెను తీసెను. సిరా అంటక యేడాది గడచినందున అది మెత్తనై యుండెను. నాయుడుగారు దానిని గుర్తించి గతుక్కుమనిరి. ఆమె దానితో కెమెరాకన్నుపై పడిన ధూళిని మెల్లగా తుడిచి ప్రక్కన పెట్టి నల్లగుడ్డక్రింద తలదూర్చెను. అక్కడినుండి ఆమె కంఠము ఎంతో మర్యాదగా వినవచ్చెను:

"అయ్యగారూ, ఈసారి నేను దిద్దను. మీ కళ్లు మీరే తెరిచి ఉంచండి."

నాయుడుగారు ఒక్క నిట్టూర్పు విడిచి రెప్పలెత్తిరి. తమ చేతిక్రింద పెరిగిన పిల్లను చూచు గర్వమును, చూడక పోగొట్టుకొన్న కాలపు విచారమును నిండిన రెండు పిల్లికన్నులు ఉత్తరపు వెలుగులో విప్పారెను. ఇన్నేండ్లు ఆయన కొలువుననున్నను అవి పిల్లికన్నులని నాంచారికిని ఆనాడే తెలిసెను. ఆమె మీట నొక్కెను.