సగం మంచం

తెల్లవారకముందే లిఫ్టు బాబాయి మంచం దిగి, దుప్పటి దులిపి, దిండు తిరగేసి పెట్టాడు. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గాడు. గోడకు అవతల మంచాలు అద్దెకిచ్చే ఇంటామె పడుకుంటుంది. ఆవిణ్ణి అందరూ అక్క అంటారు, ఆవిడ చెవులు మహా పదును. జబ్బుపడ్డవాణ్ణి ఒక్క పూట కూడా ఉంచదు. మంచం కోసం గుమ్మంలో రోజూ ఎవరో ఒకరు సంచితో నిలబడే ఉంటున్నారు మరి.

ఆ మంచం రాత్రి బాబాయిది, పగలు బేకరీ మనిషిది. ఒకడు లేస్తేనే ఇంకొకడు నడుం వాల్చాలి. మొదట్లో గది మొత్తం బాబాయిదే. ఊళ్లోకి జనం వచ్చిపడ్డారు, జీతాలు పెరిగాయి, మేడలు లేచాయి, వాటి వెంటే అద్దెలూ లేచాయి. ఆయన జీతానికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. గది కాస్తా మంచమైంది, మంచం సగమైంది. ఇక తగ్గడానికి ఏం మిగిలిందా అని ఆయనకు ఒకటే గుబులు.

తలుపు తోసుకుని బేకరీ మనిషి వచ్చాడు, జుట్టు నిండా పిండి.

"కళ్లు అంత ఎర్రగా ఉన్నాయేంటి బాబాయ్? పడుకో. నేను కింద వాలతాలే."

"మెల్లగా ఏడవరా, అక్క వింటుంది!"

"జ్వరమా?"

"జ్వరం లేదు, గిరం లేదు. బన్ను పెట్టడం మాత్రం మర్చిపోకు."

సాయంత్రం పనికి పోతూ అతను దిండు కింద ఒక బన్ను పెట్టిపోతాడు. బాబాయి రాత్రి తిండి అదే.

ఆఫీసు మేడలో బాబాయి నడిపే లిఫ్టు ముందు జనం బారులు తీరి ఉన్నారు. నలుగురు ఎక్కే రోజుల్లో అందరినీ పలకరించేవాడు. ఇప్పుడు వీపుల మధ్య నుంచి బొత్తాలు నొక్కే ఆయన చెయ్యి ఒక్కటే కనిపిస్తోంది. పక్కనున్న కొత్త లిఫ్టులకు నడిపే మనిషే లేడు. మూలన స్టూలున్నా ఆయన ఏనాడూ కూర్చోలేదు. కూర్చున్నవాడు మనకెందుకని ఎవరైనా అంటారేమోనని భయం. దగ్గు తన్నుకొచ్చింది. గొంతులోనే నొక్కేశాడు. కళ్లు బైర్లు కమ్మాయి.

"ఒంట్లో బాగోలేదా?" అంది ఒకావిడ.

"శుభ్రంగా ఉన్నానమ్మా. ఏ అంతస్తు?"

మధ్యాహ్నం దాటాక, ఒక్క నిమిషమే అనుకుంటూ స్టూలు మీద కూర్చున్నాడు. ఎక్కినవాళ్లు కునుకు తీస్తున్నాడనుకున్నారు. పాపం, లేపడం ఎందుకని ఎవరి బొత్తాం వాళ్లే నొక్కుకున్నారు. లిఫ్టు సాయంత్రం దాకా ఆయన్ను పైకీ కిందికీ తిప్పింది. దీపాలు ఆర్పడానికి వచ్చిన వాచ్‌మన్ భుజం తట్టేదాకా ఆయన పోయాడని ఎవరికీ తెలియలేదు. అక్కకు కబురందింది. గుమ్మంలో సంచితో నిలబడ్డవాణ్ణి ఆవిడ అప్పుడే లోపలికి పిలిచింది.

తెల్లారి బేకరీ మనిషి వచ్చేసరికి మంచం మీంచి ఎవరో కొత్తవాడు లేస్తున్నాడు.

"మా బాబాయేడి?"

"పాతాయన పోయాడటండి. అక్క చెప్పింది. దుప్పటి దులపనా?"

బేకరీ మనిషి మంచం మీద కూలబడ్డాడు. పరుపు రోజూలాగే వెచ్చగా ఉంది. రేపు తను పోయినా ఇలాగే వెచ్చగా ఉంటుందని తట్టింది. దిండు ఎత్తి చూశాడు.

కాగితంలో చుట్టిన బన్ను, కొత్తవాడి తల బరువుకు అణిగిపోయి, అక్కడే ఉంది.