ముట్టని గ్లాసు

ఇంకా నిండుగానే ఉంది మామయ్య గ్లాసు, మిగతావాళ్ళకి రెండోసారి మంచినీళ్ళు పోశాను, లాస్ ఏంజలెస్ నుంచి వచ్చిన విట్‌కోంబ్ గారి భార్య అప్పుడే సగం తాగి వదిలేసింది, గ్లాసు అంచుకి ఆవిడ పెదవుల రంగు, ఇంతకుముందయితే మామయ్య కళ్ళు ఆ సగం మీదే ఉండేవి, అందరూ లేవగానే గ్లాసుల అడుగున మిగిలినవన్నీ పాత పందికొవ్వు డబ్బాలోకి వంపుకుని పెరట్లో ఖర్జూరం మొదట్లో పోసేవారు, పోశాక డబ్బా బోర్లించి చివరి చుక్క రాలేదాకా నిలబడేవారు, పోయిన ఆదివారం పాస్టరు దంపతుల ముందూ అదే పని, పాస్టరు భార్య నవ్వాపుకోలేక రుమాలు అడ్డం పెట్టుకుంది, నాకు తల కొట్టేసినట్టయింది, వంటింట్లోకి రాగానే అనేశాను, మామయ్యా, కుళాయి తిప్పితే నీళ్ళొచ్చే ఇంట్లో ఊరందరి ఎంగిలి పోగేస్తుంటే మా పరువేం కావాలి, ఆయన డబ్బా నా చేతికిచ్చి, సరేనమ్మాయ్, అన్నారు, అంతే.

మరి ఆ కుళాయి ఎక్కడిది, ఈ ఇసుకలో ఆయన దిగి తవ్వుతుంటే అత్తగారు బకెట్లు పైకి లాగిన బావిది, ఆ బావి పడకముందు రైలు స్టేషన్ నుంచి గాడిద మీద నీళ్ళు, ముఖం కడిగిన నీళ్ళతో కాళ్ళు, కాళ్ళు కడిగిన నీళ్ళతో నేల, చుట్టం చూపుగా వచ్చేవాడు కూడా తన నీళ్ళు తనే తెచ్చుకుని ముందు ఇంటివాళ్ళ పీపాలో పోసి ఆ తర్వాతే పలకరించేవాడట, మా ఆయన లైల్ ఇందాకే విట్‌కోంబ్ గారికి చెబుతున్నాడు, ఆ రోజుల్లో మా నాన్న కంటే మా గాడిదే ఎక్కువ తాగేదండీ, పని మాత్రం ఇద్దరూ సమానంగా చేసేవారు, బల్లంతా నవ్వింది, మామయ్యా నవ్వారు, మంచిది, ఈ విందు సవ్యంగా సాగితే వాళ్ళు ఇక్కడ హోటల్ కడతారు, ఆయనకి గట్టి కాలరు చొక్కా నేనే తొడిగించాను, డబ్బా షెడ్డు వెనక పారేశాను, గ్లాసుల్లో మిగిలినవి వారం నుంచీ నేనే సింకులో పారబోస్తున్నాను, బాగానే ఉంది కదా, అయినా మామయ్య పెదవులు ఎందుకలా పగిలి ఉన్నాయి.

విట్‌కోంబ్ గారు లేచి గ్లాసెత్తారు, ఇసుకలో ఊరు మొలిపించిన హాడ్లాక్ గారి పేర, అన్నారు మామయ్య వైపు తిరిగి, అందరం తాగాం, మామయ్య కూడా ఎత్తారు, గడ్డం దాకా తెచ్చారు, నీళ్ళకేసి ఒకసారి చూసి దించేశారు, చుక్క తగ్గలేదు, నిన్న రాత్రీ ఇంతే, మొన్నా ఇంతే, అలిగారనుకున్నాను, ముసలాయన పంతం, అదే దిగుతుందిలే అనుకున్నాను, కూజా పట్టుకుని వంగి, తాగరేం మామయ్యా, ఒంట్లో బాగాలేదా, అన్నాను, ఆయన నాకొక్కదానికే వినపడేలా, నాకు నాలుగు గుక్కలే పడతాయమ్మాయ్, మిగిలింది నువ్వు పారబోస్తావు, ముట్టకపోతే ఎంగిలి కాదుగా, మళ్ళీ కూజాలో పోసుకోవచ్చు, అన్నారు, దెప్పడం లేదు, అలక అసలే లేదు, ఇప్పుడు సరిగ్గా చేస్తున్నానా అని అడిగే చూపు, చదువుకునే పిల్లాడి చూపు, కూజా వెనక్కి తీసుకోబోతే నాలుగు చుక్కలు బల్లగుడ్డ మీద పడ్డాయి, ఆయన వేలు దానంతటదే ఆ తడి వైపు కదిలి, నన్ను చూసి ఆగిపోయింది, అవతల విట్‌కోంబ్ గారి భార్య ఏదో అడుగుతోంది, నాకు వినపడటం లేదు, ఊరికంతటికీ నీళ్ళు తెచ్చిన మనిషి నా బల్ల దగ్గర దాహంతో కూర్చోవడం నేర్చుకున్నాడు, నేర్పింది నేను.