పానకాలరావుగారి ఎడమ చెవి

నేను ఒక మట్టిముద్దను. అట్లా అని చిన్నచూపు చూడకండి. తెనాలిలో మోక్షాచారి షెడ్డులో తొట్టినిండా నేనే. ఎందరో పెద్దమనుషుల విగ్రహాలకు తలకాయలు ముందు నాతోనే చేశారు. ఇంటివాళ్ళు చూసి సరేనన్నాక అచ్చు తీసి ఫైబరు పోస్తారు. ఫైబరు వెళ్ళి కూడలిలో దండలు వేయించుకుంటుంది. నన్ను పగలగొట్టి మళ్ళీ తొట్టిలో పడేస్తారు. లోకం తీరు!

మా ఆచారి చెయ్యి బంగారం. నోరే లేదు. చూడవచ్చినవాళ్ళు ఏదో ఒక వంక పెట్టనిదే కదలరని తెలుసుకుని ఒక ఉపాయం కనిపెట్టాడు. ప్రతి తలకూ కావాలని ఒక తప్పు పెడతాడు. వాళ్ళు దాన్ని పట్టుకుని మురిసిపోతారు. ఆచారి దాన్ని సరిచేసి దణ్ణం పెడతాడు. మిగతా ముఖం క్షేమంగా ఉంటుంది.

కిందటేడు రంగనాయకులు అనే ఆయన, పోయిన తండ్రి ఫొటో తెచ్చాడు. రైసుమిల్లు పానకాలరావుగారు. ఎప్పుడో సన్మానంలో తీసింది, తలపాగా చెవులు దాటి దిగింది.

"సంవత్సరీకానికి మిల్లు ముందు పెట్టాలండీ. తలపాగా వద్దులెండి, నాన్నది బట్టతల. అమ్మ చేత దండ వేయిస్తాం. నాన్న పోయినకాడ్నించి ఆమె సరిగ్గా మాట్టాడట్లేదు. చూడంగానే 'ఆయనే' అనాలి. అంతే మాకు కావాల్సింది" అన్నాడు. నాకూ జాలేసింది.

ఆచారి ప్రాణంపెట్టి చేశాడు. అలవాటు కొద్దీ ఎడమ చెవిని చేటంత చేశాడు.

రంగనాయకులు బావగారిని వెంటబెట్టుకుని చూడవచ్చాడు. ఇద్దరూ చుట్టూ తిరిగి చెవి దగ్గర ఆగారు. ఆచారి దణ్ణానికి చేతులెత్తాడు కూడా. వాళ్ళు కిమ్మనకుండా ముందుకు కదిలారు!

"గుబురు మీసం పెడితే హుందాగా ఉంటది" అన్నాడు కొడుకు.

"బట్టతల ఏం బాగుంటది? జుట్టు పెట్టిద్దాం" అన్నాడు అల్లుడు.

"మరి ఆ చెవి..." అని నసిగాడు ఆచారి.

"చెవికేమండీ, లక్షణంగా ఉంది!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఆచారి "అట్లాగేనండీ" అన్నాడు. నా కొంప ముంచింది ఆ మాటే. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి మార్పించారు. గడ్డం సాగింది, బుగ్గలు నునుపెక్కాయి. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయింది.

రేపు అచ్చు తీస్తారనగా పానకాలరావుగారి భార్య శేషారత్నమ్మగారు వచ్చింది. నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవర్రా ఈయన?"

"నాన్నేనమ్మా."

"మీ నాన్నను నేనెరగనా? ఎవరికో దండ వెయ్యమంటే నేను వెయ్యను."

కొడుకు ముఖం మాడిపోయింది. ఆమె గిరుక్కున తిరిగి, పోతూ పోతూ పక్కనుంచి చూసి ఆగిపోయింది. దగ్గరికొచ్చి ఎడమ చెవి పట్టుకుంది.

"ఇది మాత్రం ఆయనదే. చిన్నప్పుడు మా మావగారు మెలేసి మెలేసి సాగదీశారు. ఫొటోలో లేదుగా, నీకెట్లా తెలిసింది నాయనా?"

తను వేసిన పాచిక ఎందుకు పారలేదో ఆచారికి అప్పటికి అర్థమైంది పాపం. ఆ ముఖంలో వాళ్ళకు తప్పుగా కనిపించనిది అదొక్కటే మరి!

ఆమె స్టూలు వేయించుకుని కూర్చుంది. "ఆ మీసం పీకెయ్ నాయనా. ఆ జుట్టూ తీసెయ్." కొడుకు ఏదో అనబోయాడు. "మీరు కాసేపు బయట కూర్చోండి బాబూ" అన్నాడు ఆచారి. ఆ నోటినుంచి అట్లాంటి మాట వినడం అదే మొదలు. నాకు ప్రాణం లేచొచ్చింది. సాయంత్రానికి ఆమె లేచి నిలబడి, "ఆయనే" అని భోరుమంది.

అందరూ బయటికి నడిచాక ఆమె ఒక్కతే వెనక్కి వచ్చింది. ఎడమ చెవి దగ్గర వంగింది.

"ఇంత చెవి పెట్టుకుని బతికినన్నాళ్ళూ నా మాట ఒక్కటి విన్నారా? ఇప్పుడు వినండి."

చాలాసేపు చెప్పింది.

మర్నాడు అచ్చు తీసి నన్ను పగలగొట్టారు. మిల్లు ముందు ఫైబరాయన దండ వేయించుకుని నిలబడ్డాడు. ఇక్కడ ఆచారి ఇప్పుడు ఎవరు ఫొటో తెచ్చినా, "ముందు ఇంట్లో ఆమెను తీసుకురండి" అంటున్నాడు.

ఆమె ఏం చెప్పిందంటారా? చెప్పను. ఆయనకు చెప్పుకున్న మాటలవి. పాపం, ఆ ఫైబరు చెవికి ఒక్కటీ తెలియదు.